కాన్పయి నాలుగు నెలలు, తగ్గాల్సిన బరువు పెరుగుతోంది. వైజాగ్ అమ్మలూ, ఒక మాట చెప్పండి

నిద్రలేని_అమ్మ (మధురవాడ)
జూన్ 12, రాత్రి 2:47

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్నే, రాయడం ఇదే మొదటిసారి. పాప ఇప్పుడే పాలు తాగి పడుకుంది. నాకే నిద్ర పట్టడం లేదు.

వయసు 29, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. కడుపుతో ఉన్నానని తెలిసినప్పుడు 58 కిలోలు. ఆపరేషన్‌కి ముందురోజు 74. ఇంటికొచ్చిన వారానికి 68. అమ్మయ్య, ఇంకో పది తగ్గితే చాలనుకున్నాను. నిన్న మా అపార్ట్‌మెంట్ కింద మెడికల్ షాపులో మెషిన్ ఎక్కితే 71 చూపించింది.

మొన్న మా ఆడపడుచు నిశ్చితార్థానికి పెళ్లినాటి పట్టుచీర తీశాను. బ్లౌజు మోచేతి పైకి ఎక్కలేదు. ఎక్కలేదు సరే, దిగనూ లేదు. అమ్మ వచ్చి లాగితేగానీ రాలేదు. అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను, తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఫంక్షన్‌లో ఒకావిడ నా పొట్ట వైపు చూసి "అప్పుడే రెండోదా?" అంది.

వారం నుంచి రాత్రి అన్నం మానేశాను. పొద్దున్నే వేడినీళ్లు, తేనె, నిమ్మరసం. బరువు అలాగే ఉంది, పాలు మాత్రం తగ్గినట్టు అనిపిస్తోంది. పాలిస్తే బరువు దానంతటదే పోతుందన్నారు అందరూ. నాకెందుకు పోవడం లేదు? జులై ఆఖరుకి ఆఫీసులో చేరాలి. టెన్షన్‌గా ఉంది.

గోపాలపట్నం_గుంట
జూన్ 12, ఉదయం 6:10

ఏటి చెల్లీ, రాత్రి అన్నం మానేసి రెండున్నరకి మేలుకుని ఉంటే ఏం తిన్నావో నిజం చెప్పు. నేనైతే ఆ టైములో బియ్యం డబ్బా తప్ప అన్నీ తినేసేదాన్ని.

నిద్రలేని_అమ్మ
జూన్ 12, ఉదయం 6:32

మారీ బిస్కెట్లు 😐 ఆకలికి ఆగలేక. ఎన్నో లెక్కపెట్టలేదు.

సీతమ్మధార_అక్క (ఇద్దరు పిల్లలు, రెండూ ఆపరేషన్లే)
జూన్ 12, ఉదయం 7:05

చెల్లీ, ముందు రాత్రి అన్నం మానడం ఆపు. నీ దగ్గర పాలు తాగే పిల్ల ఉంది.

నీ లెక్కలోనే ఒక సంగతి ఉంది, చూశావా? 74 నుంచి 68కి వచ్చింది వారంలో. అది పాప బరువు, మాయ, ఉమ్మనీరు. మనం తగ్గినట్టు కాదు, దించుకున్నట్టు. ఆ తర్వాత 68 నుంచి 71కి ఎక్కింది ఇంట్లో. అంటే కడుపుతో ఉన్నప్పటి బరువు ఒక్కటే కాదు, కాన్పు తర్వాత కూడా ఏదో వచ్చి చేరుతోంది. ఏం పెడుతున్నారు ఇంట్లో? పత్యమా? దాచకుండా రాయి, మేం తిట్టం.

పొట్ట చూసి అడిగినావిడ సంగతి వదిలెయ్. సాగిన గర్భసంచి మామూలు సైజుకి రావడానికే ఆరు వారాలు పడుతుంది. సాగిన కండరాలకి నెలలు పడుతుంది. నా పెద్దోడికి ఎనిమిదో నెలలో కూడా బస్సులో నాకు సీటు ఇచ్చారు. నేను కూర్చున్నాను కూడా, ఊరికే వస్తే ఎందుకు వదులుకోవాలి?

నిద్రలేని_అమ్మ
జూన్ 12, మధ్యాహ్నం 1:20

అక్కా, సీటు మాటకి నిజంగా నవ్వొచ్చింది.

తిండి రాస్తున్నాను. పొద్దున కాయం ముద్ద (బాలింతలకి పెట్టే మందు ముద్ద), తర్వాత ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. మధ్యాహ్నం వెల్లుల్లి కారం అన్నం, నెయ్యి. సాయంత్రం పాలు, మాడుగుల హల్వా (అత్తయ్యగారు రెండు కిలోలు పంపారు, కాన్పయిన ఒళ్లు గట్టిపడుతుందని). రాత్రి మళ్లీ కారం అన్నం, నెయ్యి. అది ఈ వారమే మానేశాను. పప్పు, కూరలు పెద్దగా పెట్టరు, పాపకి వాతం చేస్తుందని. నీళ్లు కూడా ఎక్కువ తాగనివ్వరు, పొట్ట వస్తుందని. నెయ్యి పూటకి రెండు పెద్ద స్పూన్లు. అమ్మ చేత్తో వేస్తుంది కాబట్టి రెండు అంటే మూడు.

డైట్_డైరీ (పోషకాహార నిపుణురాలు, ఒక ఆసుపత్రిలో ఉద్యోగం)
జూన్ 12, రాత్రి 9:15

నిద్రలేని_అమ్మ గారూ, పలక తీసుకుని కూర్చుందాం రండి.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలుకంటే రోజుకి 600 కాలరీలు ఎక్కువ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఆరు నుంచి పన్నెండు నెలల దాకా 520. ఇప్పుడు మీ నెయ్యి చూద్దాం. ఒక పెద్ద స్పూన్ నెయ్యి 120 కాలరీల పైమాటే. పూటకి రెండు, మూడు పూటలు అంటే 700 దాటింది. పాపకి పాలు తయారవడానికి కావాల్సిన 600 మీ అమ్మగారి నెయ్యి గిన్నెలోనే అయిపోయాయి. హల్వా ఇంకా లెక్కలోకి రాలేదు. మారీ బిస్కెట్ ఒక్కోటి దాదాపు 25 కాలరీలు. పది తింటే 250, కడుపు నిండదు కాబట్టి మర్నాడు రాత్రీ పది.

కాలరీలు ఎక్కువయ్యాయి, మాంసకృత్తులు లేవు. అసలు చిక్కు అక్కడుంది. మామూలు ఆడమనిషికి రోజుకి దాదాపు 46 గ్రాములు కావాలి. పాలిచ్చేటప్పుడు మొదటి ఆరు నెలలు ఇంకో 17. పప్పు లేదు, గుడ్డు లేదు, కారం అన్నంలో ఎంత ఉంటుంది? అందుకే ఎంత తిన్నా మళ్లీ ఆకలి.

నెయ్యి మానేయమని నేను అనను. రోజంతటికీ రెండు చిన్న స్పూన్లు చాలు. ఆ మిగిలిన చోట పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు రావాలి. అన్నం ఒకే గిన్నెతో కొలిచి పెట్టుకోండి, రోజూ అదే గిన్నె. రోజుకి 1,800 కాలరీల కిందికి దిగకండి, పాలు దెబ్బతింటాయి. వారానికి అర కిలో తగ్గితే అది చక్కటి వేగం. అంతకంటే తక్కువైనా తప్పు లేదు.

పాలిస్తే బరువు దానంతటదే పోతుందనే మాట సగం నిజం. పాలు శక్తిని లాగుతాయి, ఆకలినీ పెంచుతాయి. ఆ ఆకలి ముందు ఏం పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది మిగతాది. తేనె నీళ్లు కొవ్వు కరిగించవు. మీరు తాగితే పోయేదేం లేదు, కానీ ఆ స్పూను పాప నోట్లో మాత్రం పెట్టకండి, ఏడాది నిండేదాకా తేనె వద్దు. మంచినీళ్లు దాహం వేసినంతా తాగండి. పాలిచ్చే కుర్చీ పక్కనే సీసా పెట్టుకోండి. నీళ్లకి పొట్ట రాదు.

స్లిమ్_సీక్రెట్స్_99
జూన్ 12, రాత్రి 10:02

[ఈ పోస్టు తొలగించబడింది]

వేదిక_నిర్వాహకురాలు
జూన్ 12, రాత్రి 10:20

"21 రోజుల్లో 10 కిలోలు, పాలిచ్చే అమ్మలకి కూడా సేఫ్" అన్న డీటాక్స్ టీ ప్రకటన తీసేశాను. అదే మనిషి మీలో కొందరికి విడిగా మెసేజ్‌లు కూడా పెడుతున్నట్టు తెలిసింది, నాకు పంపండి. ఇలాంటి టీల్లో చాలావాటిలో సునాముఖి ఆకు ఉంటుంది. దాంతో విరేచనాలయి మెషిన్ మీద తగ్గేది నీరు. కొవ్వు ఎక్కడికీ పోదు. ఈ మధ్య అందరూ అడుగుతున్న బరువు తగ్గే ఇంజెక్షన్లు కూడా పాలిచ్చేటప్పుడు వాడేవి కావు. ఆ చర్చ ఇక్కడ వద్దు, డాక్టర్ దగ్గర పెట్టుకోండి.

పెదవాల్తేరు_పిన్ని (62 ఏళ్లు, నలుగురు మనవలు)
జూన్ 13, ఉదయం 5:40

డైట్ డైరీ అమ్మాయీ, లెక్క బాగా చెప్పావు గానీ పత్యాన్ని ఒక్క దెబ్బకి తీసిపారేయకు. కాయం, వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం మా అమ్మ మాకు పెట్టింది. కానీ ఎన్నాళ్లు? పురుటి స్నానం అయ్యే దాకా కారం, నెయ్యి. ఆ స్నానం అయ్యాక బీరకాయ, పొట్లకాయ, కందిపప్పు కట్టు. నెల తిరిగేసరికి తెలగపిండి మునగాకు కూర, పాలు పడటానికి. మూడో నెలకి నేను అందరితోపాటు అన్నీ తిన్నాను. నాలుగు నెలలు కాయం ముద్ద ఎవరమ్మా పెట్టింది? అది పత్యం కాదు, అమ్మకి కూతురిమీద గారాబం.

మీ అమ్మకి చదివి వినిపించు. కోపం వస్తే నా పేరు చెప్పు.

ఇంకోటి. పాలు తగ్గాయంటున్నావు కదా, ఫిషింగ్ హార్బర్‌లో పాల సొర చేప తెప్పించుకుని పుట్టు కూర చేయించుకో. పేరులోనే పాలుంది.

గోపాలపట్నం_గుంట
జూన్ 13, ఉదయం 6:25

పిన్నిగారూ 🙏 "పత్యం కాదు, గారాబం" – ఇది రాసి మా ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించాను.

నేను పొద్దున చోడంబలి (రాగి అంబలి) తాగేదాన్ని, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ కొరుక్కుని. పదకొండు దాకా ఆకలి అనేది తెలీదు.

డైట్_డైరీ
జూన్ 13, మధ్యాహ్నం 12:50

పిన్నిగారూ, మీరు చెప్పిన క్రమమే నేను ఆసుపత్రిలో నోరు నొప్పెట్టేలా చెప్పేది. తెలగపిండి మునగాకు బంగారం లాంటి కూర. నూనె తీసిన నువ్వుల పిండి కాబట్టి మాంసకృత్తులు, కాల్షియం రెండూ ఉన్నాయి.

సొర దగ్గర మాత్రం ఒక్క మాట. పెద్ద చేపలు చిన్న చేపల్ని తింటూ బతుకుతాయి కాబట్టి వాటి ఒంట్లో పాదరసం పేరుకుంటుంది, పాల ద్వారా పిల్లకి కొంత చేరుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ పాలిచ్చే తల్లులు తినకూడదన్న చేపల్లో సొర ఒకటి. పాలిచ్చినన్నాళ్లూ సొర పుట్టు వద్దు. దాని బదులు నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలు తినండి. చవక, పాదరసం తక్కువ, మంచి కొవ్వు ఎక్కువ. వేపుడు కాకుండా పులుసు.

పెదవాల్తేరు_పిన్ని
జూన్ 13, సాయంత్రం 4:15

పాల సొర చిన్నదే కదా తల్లీ, దానికేం పాదరసం. సరేలే, నెత్తళ్ల పులుసు అంటే నాకూ ఇష్టమే. మామిడికాయ వేసి చెయ్యండి.

ఫిజియో_ఎంవీపీ (ఫిజియోథెరపిస్ట్)
జూన్ 13, రాత్రి 8:30

అందరూ తిండి దగ్గర ఆగారు, నేను పొట్ట దగ్గరికి వస్తాను. నా దగ్గరికి వచ్చే అమ్మల్లో చాలామందికి పొట్టలో కొవ్వుకంటే కండరాల ఎడమే పెద్ద సమస్య. కడుపు పెరిగేటప్పుడు మధ్యలో నిలువు కండరాలు రెండూ పక్కలకి జరుగుతాయి. కాన్పు తర్వాత కొందరికి అవి మళ్లీ దగ్గరికి రావు. సన్నటివాళ్లకి కూడా సాయంత్రానికి ఐదో నెల పొట్టలా కనిపిస్తుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. తల కొంచెం పైకెత్తండి, భుజాలు లేవకూడదు. బొడ్డుకి సరిగ్గా పైన, కింద వేళ్లు అడ్డంగా పెట్టి నొక్కండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ దిగబడే సందు ఉంటే, లేదా తల ఎత్తగానే మధ్యలో గట్టులా ఉబ్బితే, ఎడం ఉన్నట్టు. అలా ఉన్నవాళ్లు యూట్యూబ్ చూసి సిట్‌అప్‌లు, క్రంచెస్ మొదలుపెట్టకండి. సందు ఇంకా పెరగొచ్చు. నా దగ్గరికి ఒకమ్మాయి రోజుకి వంద సిట్‌అప్‌లు చేసి మరీ వచ్చింది. ఎంత కష్టపడిందో, అంతా ఎదురు తిరిగింది.

మొదలు ఇలా. పడుకుని ముక్కుతో గాలి పీల్చండి, నోటితో నెమ్మదిగా వదులుతూ బొడ్డుని వెన్ను వైపు లాగండి. పది సార్లు, రోజుకి మూడు విడతలు. దాంతోపాటు మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించి ఐదు లెక్కపెట్టి వదలడం. ఇది పాలిస్తూ కూడా చేయొచ్చు, ఎవరికీ తెలియదు. (నిజంగా మూత్రం పోసేటప్పుడు ఆపుతూ సాధన చేయకండి.) ఆపరేషన్ అయినవాళ్లు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, డాక్టర్ కుట్టు చూశాకే ఇంతకు మించిన వ్యాయామాలకి వెళ్లాలి. నడక మాత్రం ముందే మొదలుపెట్టొచ్చు.

బెల్టు గురించి అడగబోతున్నారు, తెలుసు. బెల్టు, నడికట్టు కుట్టు దగ్గర ఆసరా ఇస్తాయి, నడుముకి హాయి. కొవ్వు కరగదు.

ఎవరూ అడగనిది నేనే అడుగుతాను. దగ్గినా తుమ్మినా చుక్క పడుతోందా? నవ్వినప్పుడు? ఆడవాళ్లం "పిల్లలు పుట్టాక అంతేలే" అని ఏళ్లకి ఏళ్లు ప్యాడ్ పెట్టుకుని బతికేస్తున్నాం. దానికి చికిత్స ఉంది, అదీ చాలావరకు ఈ వ్యాయామాలే.

సీతమ్మధార_అక్క
జూన్ 13, రాత్రి 9:02

ఆరేళ్లుగా స్కిప్పింగ్ తాడు ముట్టుకోనిది ఎందుకో ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. థ్యాంక్స్ ఫిజియోగారూ. నా సందు రెండున్నర వేళ్లు, ఇప్పుడే చూసుకున్నా.

స్టీల్‌ప్లాంట్_నాన్న (ఉక్కునగరం)
జూన్ 13, రాత్రి 11:40

మగవాళ్లు రాయొచ్చో లేదో తెలియదు. మా బాబుకి మూడు నెలలు. మా ఆవిడ అద్దంలో చూసుకోవడం మానేసింది. బరువు తగ్గమని నేను ఎప్పుడూ అనలేదు. ట్రెడ్‌మిల్ కొందామా అని ఆలోచిస్తున్నాను. పుట్టినరోజు వస్తోంది.

గోపాలపట్నం_గుంట
జూన్ 13, రాత్రి 11:52

అన్నా. వద్దన్నా. పుట్టినరోజుకి ట్రెడ్‌మిల్ వద్దన్నా.

సీతమ్మధార_అక్క
జూన్ 14, ఉదయం 6:45

తమ్ముడూ, రాయొచ్చు. ఆ డబ్బులు దాచుకో, మూడు నెలల్లో దానిమీద బట్టలారేస్తారు. నువ్వు ఇవ్వగలిగింది ఒక గంట. బి షిఫ్ట్ (మధ్యాహ్నం డ్యూటీ) ఉన్న వారం పొద్దున ఆరు నుంచి ఏడు దాకా బాబుని నువ్వు తీసుకో. వాడు ఏడ్చినా సరే ఆవిడని ఫోన్ చేసి పిలవకు. పాలిచ్చి వెళ్తుంది, గంటలో వస్తుంది. ఆ గంట నడుస్తుందో, పడుకుంటుందో ఆవిడ ఇష్టం. నిద్ర లేని ఒంటికి తీపి మీదకే మనసు పోతుంది. నాకు నిద్ర దొరికిన నెలలోనే బరువు కదిలింది.

గాజువాక_చిన్ని
జూన్ 14, ఉదయం 10:30

అక్కలూ, నా సంగతి కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. నాకు కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది. కాన్పయిన మూడో రోజు చూస్తే నార్మల్. పోయిందిలే అని మళ్లీ చూపించుకోలేదు. నిజానికి ఆరు నుంచి పన్నెండు వారాల లోపు గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత చూడాలట, 75 గ్రాముల టెస్టు. నేను దాన్ని కాగితంలోనే వదిలేశాను. బాబు రెండో పుట్టినరోజు నాటికి షుగర్ ఖాయమైంది. డాక్టర్ చెప్పిందేంటంటే, కాన్పు తర్వాత ఆ బరువు తగ్గించుకుని ఉంటే కొంత ఆగేదని. మన ఒళ్లకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 23 దాటితేనే ఎక్కువ బరువు కింద లెక్క, 25 దాకా ఆగక్కర్లేదట. నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదు. బ్లౌజు కోసం కాకపోయినా దీనికోసమైనా చూసుకోండి.

నిద్రలేని_అమ్మ
జూన్ 14, మధ్యాహ్నం 3:05

నాకు షుగర్ లేదు. కానీ మీ పోస్టు చదివాక అడగాలనిపించింది. మూడు మెట్లు ఎక్కితే ఆయాసం, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది, పొద్దున లేచేసరికే అలసట. ఇది థైరాయిడ్ అయి ఉంటుందా?

డైట్_డైరీ
జూన్ 14, సాయంత్రం 6:20

మూడు నాలుగు నెలల్లో జుట్టు ఊడటం మామూలే, చాలావరకు తిరిగొస్తుంది. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ అటూ ఇటూ అవడమూ నిజమే. ఊహించడం ఎందుకు, టీఎస్‌హెచ్ చూపించుకోండి. దాంతోపాటు హిమోగ్లోబిన్ తప్పకుండా. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారా?

నిద్రలేని_అమ్మ
జూన్ 14, సాయంత్రం 6:41

కాన్పు అయ్యాక ఆపేశాను. అప్పటితో అయిపోయిందనుకున్నా.

కంచరపాలెం_కోడలు
జూన్ 15, రాత్రి 1:30

నిద్రలేని_అమ్మా, బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చానని రాశావు. అక్కడే ఆగిపోయాను నేను. ఆ కుళాయి నాకు తెలుసు.

నేను బరువు బరువు అని నెలల తరబడి అనుకున్నాను. పాపని ఎత్తుకుంటే ఏమీ అనిపించేది కాదు, అదీ బరువు వల్లే అనుకున్నాను. రోజూ ఏడుపు, పిల్ల పడుకున్నా నిద్ర రాదు. మా ఇంట్లో దిష్టి తీశారు, గుడికి తీసుకెళ్లారు. చివరికి టీకాకి వెళ్లినప్పుడు నర్సమ్మ నా ముఖం చూసి కూర్చోబెట్టి అడిగింది. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అని అప్పుడు తెలిసింది. పాలిస్తూ వేసుకోగల మందులు ఉన్నాయి, నేను వేసుకున్నాను. రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే ఆగకు. ఎవరితోనూ చెప్పలేకపోతే 14416కి ఫోన్ చెయ్, టెలిమానస్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. బరువు తర్వాత చూసుకుందాం.

నిద్రలేని_అమ్మ
జూన్ 15, రాత్రి 2:15

మీరు మేలుకుని ఉన్నారా? మెసేజ్ పెడుతున్నాను.

నిద్రలేని_అమ్మ
జూన్ 19, ఉదయం 11:00

రిపోర్టులు వచ్చాయి. టీఎస్‌హెచ్ నార్మల్. హిమోగ్లోబిన్ 9.2. ఉండాల్సింది 12. డాక్టర్ నా వైపు చూసి "నువ్వు బద్ధకస్తురాలివి కాదమ్మా, నీకు రక్తం లేదు" అన్నారు. ఆ మాటకి ఎంత తేలికైందో. కాన్పు తర్వాత కూడా 180 రోజులు ఐరన్, కాల్షియం వేసుకోవాలట. రెండూ కలిపి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలు ఉండాలి. ఐరన్ వేసుకుని వెంటనే టీ తాగకూడదు. నేను కడుపుతో ఉన్నన్నాళ్లూ టీతోనే మింగాను.

కంచరపాలెం అక్కతో గంటన్నర మాట్లాడాను. నాకు ఆమెకొచ్చినంత లేదని అనిపిస్తోంది, అయినా వచ్చే వారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

అమ్మకి పిన్నిగారి పోస్టు చదివి వినిపించాను. "ఎవరావిడ?" అంది. కాసేపయ్యాక వంటింట్లోంచి "కందిపప్పు వండనా, పెసరపప్పు వండనా?" అని అడిగింది.

పెదవాల్తేరు_పిన్ని
జూన్ 19, మధ్యాహ్నం 2:10

పెసరపప్పు, తోటకూర వేసి. మీ అమ్మని ఒకసారి బీచ్‌కి రమ్మను, నేనూ వస్తాను.

గాజువాక_చిన్ని
జూన్ 27, సాయంత్రం 5:30

నడక ఎక్కడ మొదలుపెట్టావు చెల్లీ? ఈ ఉక్కపోతలో పొద్దున ఏడు దాటితే ఒళ్లంతా జిడ్డే.

నిద్రలేని_అమ్మ
జూన్ 27, రాత్రి 8:45

మొదటి వారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే, పది నిమిషాలు. వాచ్‌మన్ ఏదైనా పోయిందామ్మా, వెతుకుతున్నారా అని అడిగాడు. ఇప్పుడు ఆదివారాలు ఆయన పాపని పట్టుకుంటే ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం నుంచి వుడా పార్క్ వైపు వెళ్లి వస్తున్నాం. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు కదా, స్ట్రోలర్ హాయిగా నడుస్తుంది. మిగతా రోజుల్లో వీలైనప్పుడు సాయంత్రం ఇరవై నిమిషాలు, కాలనీలోనే. బయల్దేరే ముందు పాలిచ్చేస్తాను, బరువుగా ఉంటే నడవలేను. కొలిచి చూస్తే వారానికి గంటన్నర అవుతోంది.

ఫిజియో_ఎంవీపీ
జూన్ 27, రాత్రి 9:20

బాగుంది. వారానికి 150 నిమిషాలకి మెల్లగా తీసుకెళ్లండి, అంత చాలు. ఇసుకలో మాత్రం ఇప్పుడే వద్దు, నడుము పట్టేస్తుంది. వ్యాయామం చేస్తే పాలు విరిగిపోతాయని ఎవరైనా అంటే నమ్మకండి, పాలకేం కాదు.

గోపాలపట్నం_గుంట
జులై 2, ఉదయం 7:15

అందరికీ ఒక సందేహం. ఆషాఢ పున్నమికి సింహాచలం గిరి ప్రదక్షిణ వస్తోంది కదా. కడుపుతో ఉన్నప్పుడు మొక్కుకున్నాను. బాబుకి ఆరో నెల. 32 కిలోమీటర్లు. ఒక్క దెబ్బకి రెండు కిలోలు పోవా?

ఫిజియో_ఎంవీపీ
జులై 2, ఉదయం 9:00

పోతాయి, నీరు. మర్నాడు మజ్జిగ తాగగానే వస్తాయి. మీరు రోజూ ఎంత నడుస్తున్నారు?

గోపాలపట్నం_గుంట
జులై 2, ఉదయం 9:12

వంటింటి నుంచి హాలుకి.

పెదవాల్తేరు_పిన్ని
జులై 2, ఉదయం 10:40

అప్పన్న ఎక్కడికీ పోడమ్మా, వచ్చే ఏడు కూడా కొండమీదే ఉంటాడు. చంటివాడికి పాలు ఎవరిస్తారు మధ్యలో? మీ ఆయన్ని నడవమను, నువ్వు హనుమంతవాక దగ్గర నిలబడి మజ్జిగ పొయ్యి. అదీ మొక్కే.

నిద్రలేని_అమ్మ
జులై 30, రాత్రి 11:10

రేపటి నుంచి ఆఫీసు. బరువు 69.2. ఏడు వారాల్లో కిలో ఎనిమిది వందలు. మొదట్లో అయితే "ఇంతేనా" అని ఏడ్చేదాన్ని. కానీ హిమోగ్లోబిన్ 10.8కి వచ్చింది, మెట్లు ఎక్కితే ఆయాసం లేదు. రాత్రి బిస్కెట్ల చోట స్టీల్ డబ్బాలో వేయించిన శనగలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు పెట్టుకుంటున్నాను. గుడ్డు పెంకు చీకట్లో చప్పుడు కాకుండా ఒలవడం ఇప్పుడు నాకొక విద్య. పాప లేవదు, ఆయన లేస్తారు.

పెద్ద భయం ఆఫీసు క్యాంటీన్. అక్కడ సమోసా తప్ప ఏమీ దొరకదు.

సీతమ్మధార_అక్క
జులై 31, ఉదయం 6:20

అన్నం క్యారేజీ, సాయంత్రానికి ఒక డబ్బా, రెండూ ఇంటినుంచే. మూడున్నరకి సమోసా వాసన వచ్చేసరికి నీ డబ్బా ఖాళీ అయిపోయి ఉండాలి, అదొక్కటే ఉపాయం. పాలు పిండి తీసి పెట్టుకునే ఏర్పాటు ఉందో లేదో మొదటిరోజే అడుగు. లేకపోతే మధ్యాహ్నానికి గడ్డకట్టి జ్వరం వస్తుంది, నాకు వచ్చింది. మొహమాటపడకు.

స్టీల్‌ప్లాంట్_నాన్న
ఆగస్టు 9, రాత్రి 11:35

సీతమ్మధార అక్కా, ట్రెడ్‌మిల్ కొనలేదు. పొద్దున గంట బాబు నా దగ్గరే. మొదటి పది రోజులూ ఆవిడ ఆ గంట పడుకుంది. పదకొండో రోజు చెప్పులు వేసుకుంది.

నిద్రలేని_అమ్మ
అక్టోబర్ 5, రాత్రి 10:25

చాలామంది మెసేజ్‌లు పెట్టారు, అందరికీ ఇక్కడే చెబుతున్నాను. 66.4. మధ్యలో మూడు వారాలు అంగుళం కదల్లేదు, వినాయక చవితి వారంలో 600 గ్రాములు పెరిగింది కూడా. ఉండ్రాళ్లు నేనే చేశాను, నేనే తిన్నాను. 58కి వస్తానో లేదో తెలియదు. ఇప్పుడు నెలకోసారే మెషిన్ ఎక్కుతున్నాను, అదీ మెడికల్ షాపు అబ్బాయి "మేడమ్, రూపాయి ఇవ్వక్కర్లేదు, రోజూ వస్తున్నారు" అన్నాక సిగ్గేసి.

పాప పాకుతోంది. దాని వెనక పరిగెత్తడంతోనే నా 150 నిమిషాలు అయిపోతున్నాయి. నా కంచంలో పప్పన్నం అదే ముందు తింటుంది.

ఆ బ్లౌజు టైలర్‌కి ఇచ్చాను. లోపల రెండు కుట్ల పట్టు వదిలి ఉంచాడట పెళ్లప్పుడే. "పెళ్లి బ్లౌజులన్నిటికీ వదులుతామమ్మా, అందరూ ఇలాగే వస్తారు" అన్నాడు. ఒక కుట్టు విప్పితే సరిపోయింది. రెండోది అలాగే ఉంచమన్నాను.

గోపాలపట్నం_గుంట
అక్టోబర్ 5, రాత్రి 10:31

ఫొటో పెట్టకపోతే ఊరుకునేది లేదు. మొహం కనపడక్కర్లేదు, బ్లౌజు కనపడితే చాలు.